పోచంపల్లి గ్రామపర్యాటకంలో స్త్రీల శ్రమ, గుర్తింపు, సాధికారత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్రామపర్యాటకం స్త్రీలకు ఉపాధినీ సాధికారతనూ కల్పిస్తుందని విధానపత్రాలు సాధారణంగా చెబుతాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లిని ఆధారంగా తీసుకుని ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఇక్కత్ నేతలో మగ్గానికి ముందు జరిగే పనుల్లో అధికభాగం స్త్రీలదే. ఆ శ్రమ ఇంటిపనిలో కలిసిపోయి చాలాకాలం లెక్కకు రాలేదు. పర్యాటకం దానిని చూపరుల ముందుకు తెచ్చింది. అయితే కనబడటం వేరు, హక్కుదారు కావడం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పొదుపు సంఘాల చరిత్రనూ, కేరళలోని కుమరకం అనుభవాన్నీ పోల్చి చూస్తూ, పర్యాటకానికి ముందే స్త్రీలకు సొంత సంస్థ, సొంత ఖాతా, సొంత పేరు ఉన్నచోటనే పర్యాటకాదాయం సాధికారతగా మారే అవకాశం ఎక్కువని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గ్రామపర్యాటకం, స్త్రీ సాధికారత, పోచంపల్లి, ఇక్కత్, ఆసు, స్వయం సహాయక సంఘాలు, కుమరకం.

1. ఉపోద్ఘాతం

పర్యాటకాన్ని స్థానిక సముదాయం దృష్టితో చూడాలనే ఆలోచనకు 1985లో పీటర్ మర్ఫీ రాసిన గ్రంథం శాస్త్రీయమైన పునాది వేసింది. అంతకుముందు పర్యాటక అధ్యయనాల్లో ప్రధానంగా యాత్రికుల సంఖ్య, హోటళ్ల గదులు, విదేశీ మారకద్రవ్యం వంటి లెక్కలే ఉండేవి. ఊరివాళ్లు తమ ఊరిని ఎవరికి, ఎంతమేరకు, ఏ షరతులతో చూపించాలో తామే నిర్ణయించుకోవాలన్నది సముదాయాధారిత పర్యాటకానికి మూలసూత్రం.

అయితే ‘సముదాయం’ అనే మాటలో ఒక చిక్కుంది. ఊరంతా ఒక్కటే అన్న భావన కలిగించే ఈ మాట కింద కులం, వర్గం, స్త్రీపురుష భేదం మరుగున పడే ప్రమాదం ఉంది. ఊరికి వచ్చిన ఆదాయం ఇంటికి వచ్చినట్టు, ఇంటికి వచ్చినది ఇల్లాలికి చేరినట్టు లెక్కగట్టడం పరిపాటి. 1999లో వెలువడిన రెండు రచనలు ఈ చిక్కును విడదీయడానికి తోడ్పడతాయి. రెజీనా షీవెన్స్ పర్యాటకం వల్ల కలిగే సాధికారతను ఆర్థిక, మానసిక, సామాజిక, రాజకీయ రంగాలుగా నాలుగు భాగాలు చేశారు. నైలా కబీర్ సాధికారతను వనరులు, నిర్ణయశక్తి, ఫలితాలు అనే మూడు అంశాల పరస్పర సంబంధంగా వివరించారు. చేతికి డబ్బు రావడం ఒక్కటే సాధికారత కాదనీ, ఆ డబ్బు మీద, పని మీద, సమయం మీద నిర్ణయాధికారం ఎవరిదన్నదే ప్రశ్న అనీ ఈ ఇద్దరి వాదనల సారాంశంగా గ్రహించవచ్చు.

ప్రపంచ పర్యాటక సంస్థ 2019లో ప్రచురించిన స్త్రీలు–పర్యాటకం నివేదిక ప్రకారం పర్యాటకరంగ శ్రామికుల్లో 54 శాతం స్త్రీలు. మొత్తం ఆర్థికవ్యవస్థలో వారి వాటా 39 శాతమే. అదే నివేదిక ప్రకారం ఈ రంగంలో స్త్రీల సంపాదన పురుషుల కంటే 14.7 శాతం తక్కువ. పని దొరకడానికీ పనికి తగిన విలువ దక్కడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ అంకెలు తెలుపుతున్నాయి. ఆ దూరం ఒక తెలుగు ఊరిలో ఎలా ఏర్పడిందో, పర్యాటకం దానిని ఎంతవరకు తగ్గించగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పోచంపల్లి: చరిత్రకెక్కిన ఊరు

2.1 భూదానం, పేరు లేని హక్కుదారులు

పోచంపల్లి దేశానికి మొదట తెలిసింది చీరతో కాదు, భూమితో. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే, ఆ తరువాత తెలంగాణ పల్లెల్లో పాదయాత్ర చేశారు. 1946 నుంచి సాగుతున్న సాయుధ రైతాంగ పోరాటం అప్పటికి చివరి దశలో ఉంది. ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాల భూమి కావాలని ఆయనను అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది.

ఈ ఘట్టాన్ని చరిత్రకారులు దాత వైపు నుంచీ, వినోబా వైపు నుంచీ చెప్పారు. అడిగినవారు ‘నలభై కుటుంబాలు’గానే మిగిలారు. కుటుంబమనే లెక్కలో స్త్రీ ఉన్నట్టే ఉంటుంది, కాని పత్రంలో ఆమె పేరు ఉండదు. స్వాతంత్ర్యానంతర భూసంస్కరణల్లో భూమిని సాధారణంగా ఇంటిపెద్దగా భావించిన పురుషుడి పేరనే ఇచ్చారని బీనా అగర్వాల్ 1994లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించేవరకు, ఆ పోరాటచరిత్రలో కూడా స్త్రీలది నేపథ్యపాత్రే. ఈ నేలలో స్త్రీల భాగస్వామ్యానికీ, ఆ భాగస్వామ్యం నమోదు కావడానికీ మధ్య ఉన్న ఎడం కొత్తది కాదని దీనివల్ల తెలుస్తుంది.

2.2 ఇక్కత్ రాక

నూలును ముందుగా కట్లు కట్టి, రంగులద్ది, ఆ రంగుల పొందికతోనే నేతలో బొమ్మ తేల్చడం ఇక్కత్ ప్రత్యేకత. కోస్తాలోని చీరాల ప్రాంతంలో ఈ పద్ధతిలో తేలియా రుమాళ్లు నేసి అరబ్బు దేశాలకు ఎగుమతి చేసేవారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఈ విద్య చీరాల నుంచి నల్లగొండ ప్రాంతానికి చేరింది. రుమాలు నుంచి చీరకు, నూలు నుంచి పట్టుకు మారుతూ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి ఊళ్లు తమ సొంత శైలిని రూపొందించుకున్నాయి. 2004–05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో ఇది ఒకటి.

భౌగోళిక గుర్తింపు నేతను ఒక ప్రాంతానికి చెందిన సామూహిక మేధోసంపదగా అంగీకరిస్తుంది. ఒక ఊరి పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుంది. అయితే ఆ సమూహంలోపల ఎవరి పని ఎంత, ఎవరి వాటా ఎంత అన్నది ఆ చట్టం పరిధిలోకి రాదు. ఆ ప్రశ్నకు జవాబు కోసం మగ్గం దాకా కాదు, మగ్గానికి ముందున్న పనిదాకా వెళ్లాలి.

3. మగ్గానికి ముందు పని

3.1 ఆసు

పోచంపల్లి ప్రాంతపు నేత ఇంట్లో గుంట మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా పురుషుడు. అతడు కూర్చునే వేళకు ఎన్నో పనులు పూర్తికావాలి. చిలపల నుంచి నూలు విప్పడం, కండెలు చుట్టడం, ఆసు పోయడం, గీసిన గుర్తుల ప్రకారం చిటికి కట్టడం, రంగుల మధ్య కట్లు విప్పి మళ్లీ కట్టడం, పడుగు సరిచేయడం, అచ్చు అతకడం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో చాలా వాటిని ఇంటి స్త్రీలు చేస్తారు. అద్దకం, నమూనా గీత వంటివి పురుషులకూ, నిర్దిష్టమైన నిపుణులకూ దక్కుతాయి.

వీటన్నిటిలో కఠినమైనది ఆసు. అర్ధచంద్రాకారంగా మేకులు అమర్చిన చట్రం మీద, నడుమనున్న మేకు నుంచి అంచునున్న మేకులకు ఒక్కొక్కదానికీ పోగును తీసుకువెళ్లి తీసుకురావాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఇలా తిరగాలి. దీనికి నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. భుజాల నొప్పి ఈ పని వెంటే వస్తుంది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఈ బాధను చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మి ఆసుయంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ యంత్రం వల్ల ఒక చీర ఆసు గంటన్నరలో పూర్తవుతుంది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా ఒక గ్రామీణ ఆవిష్కర్త విజయగాథగా చెబుతారు. స్త్రీచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం ఉంది. దాదాపు శతాబ్దకాలం ఈ ప్రాంతపు నేతకు ఆధారమైన ఒక శ్రమ ఎంత భారమైనదో బయటి ప్రపంచానికి తెలిసింది యంత్రం వచ్చిన తరువాతనే. చేతులతో చేసినంతకాలం అది ‘ఇంట్లో ఆడవాళ్లు చూసుకునే పని’. దానికి విడిగా కూలి కట్టే అలవాటు లేదు. మాస్టర్ వీవర్ నూలు, నమూనా ఇచ్చి చీరకు ఇంత అని మజూరీ చెల్లించే పద్ధతిలో ఆ మజూరీ ఇంటిల్లిపాది పనికీ కలిపి ఉంటుంది. తీసుకునేది మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడు.

3.2 గణాంకాల్లో స్త్రీ

2019–20లో జరిగిన నాలుగో అఖిలభారత చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత శ్రామికులున్నారు. వీరిలో 26.73 లక్షల మంది నేసేవారు, 8.48 లక్షల మంది అనుబంధ పనులు చేసేవారు. మొత్తంలో దాదాపు 72 శాతం స్త్రీలు. ఈ శాతాన్ని చూపి చేనేతను స్త్రీల రంగమని చెప్పడం రివాజైంది. కాని ఈ సంఖ్యలో అధికభాగం అస్సాం మొదలైన ఈశాన్య రాష్ట్రాలది. అక్కడ మగ్గం స్త్రీల సొంత పనిముట్టు. తెలుగునాట పద్మశాలి, దేవాంగ మొదలైన కులాల ఇళ్లలో మగ్గం పురుషుడిది, అనుబంధ పని స్త్రీది అన్న విభజన బలంగా ఉంది. అందువల్ల జాతీయస్థాయి శాతాన్ని పోచంపల్లికి యథాతథంగా అన్వయించడం పొరపాటు.

‘అనుబంధం’ అన్న పేరులోనే ఒక తీర్పు దాగి ఉంది. ఇక్కత్‌లో బొమ్మ రూపుదిద్దుకునేది నేతకు ముందే. పోగు ఎక్కడ కట్టాలో, ఎక్కడ విప్పాలో తప్పితే మగ్గం మీద సరిదిద్దడానికి వీలుండదు. అలాంటి పనిని అనుబంధమని పిలవడం సాంకేతిక వాస్తవానికి విరుద్ధం. తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘నేతన్నకు చేయూత’ పొదుపు పథకంలో నేతగాళ్లతోపాటు అనుబంధ పనివారినీ చేర్చింది. ఆ పని చేసేవారిని విడిగా నమోదు చేయడానికి దీనివల్ల వీలు కలిగింది. ఇది చిన్న పరిపాలనా మార్పుగా కనిపించినా, శ్రమ నమోదు దృష్టితో గమనించదగిన మలుపు.

4. గ్రామపర్యాటకం పోచంపల్లికి వచ్చిన తీరు

పదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 2002 తరువాత, కేంద్ర పర్యాటకశాఖ గ్రామీణ పర్యాటక పథకాన్ని చేపట్టింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో దేశవ్యాప్తంగా 36 గ్రామీణ స్థలాల్లో స్థానిక వనరులు ఆధారంగా పర్యాటకాన్ని పెంపొందించే ప్రాజెక్టు నడిచింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి వాటిలో ఒకటి. భవనాలు, రోడ్లు, సమాచార కేంద్రం వంటి నిర్మాణాలకు ఒక పద్దు, నైపుణ్యాల శిక్షణ, స్థానిక సంఘాల నిర్మాణం వంటివాటికి మరొక పద్దు ఉండటం ఆ పథకం రూపురేఖల్లో ముఖ్యాంశం. స్త్రీలు, యువకులు, బలహీనవర్గాలు లబ్ధిదారులు కావాలన్నది రెండో పద్దు ఆశయం.

హైదరాబాదు నుంచి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉండటం పోచంపల్లికి అనుకూలాంశమూ, పరిమితీ అయింది. యాత్రికుడు పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లగలడు. వినోబా మందిరం, చెరువుగట్టు, పర్యాటక సముదాయం, రెండు మూడు నేత ఇళ్లు, చివరగా చీరల దుకాణం. సాధారణ సందర్శన ఈ వరుసలో సాగుతుంది. రాత్రి బస లేనప్పుడు గ్రామపర్యాటకంలో స్త్రీలకు ఆదాయం తెచ్చే ముఖ్యమార్గాలైన ఇంటి బస, వంట, అతిథిసేవ వంటివి ఎదగవు. యాత్రికుడి ఖర్చులో పెద్దభాగం చీర కొనుగోలుగా దుకాణానికీ, మాస్టర్ వీవర్‌కూ చేరుతుంది. ఇంట్లో ఆసు చూపించిన స్త్రీకి ఆ ఖర్చులో నేరుగా వాటా ఉండే ఏర్పాటు ఈ తరహా సందర్శనలో సహజంగా ఏర్పడదు. దానిని ప్రత్యేకంగా కల్పించవలసి ఉంటుంది.

2021 డిసెంబరు 2న మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ పర్యాటక సంస్థ 24వ సర్వసభ్య సమావేశంలో పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ప్రకటించారు. ఆ ఏడాది 32 దేశాల నుంచి 44 గ్రామాలు ఈ గుర్తింపు పొందాయి. భారతదేశం నుంచి పోచంపల్లితోపాటు మేఘాలయలోని కాంగ్‌థాంగ్, మధ్యప్రదేశ్‌లోని లాధ్‌పురా ఖాస్ పోటీకి వెళ్లాయి. జనాభా పదిహేను వేలకు మించని ఊళ్లే ఈ పోటీకి అర్హం. అప్పటికే పోచంపల్లి పురపాలక సంఘంగా మారింది. అంటే పర్యాటకానికి ‘గ్రామం’, పరిపాలనకు పట్టణం. గ్రామీణ ఉపాధి పథకాలు, గ్రామసంఘాల వ్యవస్థ ఒకవైపు, పట్టణ సంస్థలు మరొకవైపు ఉన్న ఈ సంధిదశలో స్త్రీల సంఘాలు ఏ గొడుగు కిందికి వస్తాయన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు.

5. స్త్రీల సంస్థల చరిత్ర: పొదుపు సంఘాలు

గ్రామపర్యాటకానికి సమాంతరంగా తెలుగునాట మరొక చరిత్ర నడిచింది. 1982లో కేంద్రప్రభుత్వం గ్రామీణ ప్రాంతాల స్త్రీ శిశు అభివృద్ధి పథకాన్ని (డ్వాక్రా) ప్రారంభించింది. తొలి సంవత్సరాల్లో అది చాలాచోట్ల ప్రభుత్వ కాగితాలకే పరిమితమైంది. 1991–92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించడంతో పరిస్థితి మారింది. దూబగుంట రోశమ్మ పేరు ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. సారాకు పోయే డబ్బును పొదుపుగా మార్చాలన్న ప్రచారంతో నెల్లూరులో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు వెలిశాయి. 2000లో మొదలైన ‘వెలుగు’, దాని కొనసాగింపుగా వచ్చిన ‘ఇందిరా క్రాంతి పథం’ ఈ సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కూర్చాయి.

ఈ చరిత్ర నుంచి రెండు పాఠాలు గ్రహించవచ్చు. మొదటిది, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, తీర్మానాల పుస్తకం, సంతకం అనే మూడు సాధనాలు స్త్రీని ఇంటి లెక్క నుంచి వేరుచేసి వ్యక్తిగా నమోదు చేశాయి. భూదానంలో గాని, చీర మజూరీలో గాని జరగనిది ఇక్కడ జరిగింది. రెండవది, సంఘాలు క్రమంగా అప్పు తెచ్చి తీర్చే యంత్రాంగంగా కుదించుకుపోయే ప్రమాదం ఎదురైంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ముదిరి 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు స్త్రీ పేరున ఉండి, ఆస్తి పురుషుడి పేరున ఉంటే దానిని సాధికారత అనలేం.

పొదుపు సంఘాలది ఒక శాఖ, పర్యాటకానిది మరొక శాఖ, చేనేతది ఇంకొక శాఖ. ఒకే ఇంటి స్త్రీ ఈ మూడింటిలోనూ వేర్వేరు పేర్లతో కనిపిస్తుంది. ఒకచోట సంఘసభ్యురాలు, ఒకచోట అనుబంధ శ్రామికురాలు, మరొకచోట యాత్రికుడి ఫొటోలోని ‘నేతింటి మహిళ’. ఈ మూడు గుర్తింపులను ఒక్కచోటికి తెచ్చే సంస్థ ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి కేరళ అనుభవం ఉపయోగపడుతుంది.

6. కుమరకం: సంస్థ ముందు, పర్యాటకం తరువాత

కేరళలో 1998లో ప్రారంభమైన కుటుంబశ్రీ, స్త్రీలను ఇరుగుపొరుగు బృందాలుగా, వాటిని వార్డు, పంచాయతీ స్థాయి సంఘాలుగా నిర్మించింది. ఈ నిర్మాణం స్థానిక పంచాయతీతో కలిసి పనిచేస్తుంది. 2007లో రాష్ట్రప్రభుత్వం బాధ్యతాయుత పర్యాటకంపై చర్చలు మొదలుపెట్టి కుమరకం, వయనాడు, తేక్కడి, కోవళం అనే నాలుగు స్థలాలను ఎంచుకుంది. 2008లో వెంబనాడు సరస్సు ఒడ్డునున్న కుమరకంలో ఇది ఆచరణకు వచ్చింది.

కుమరకం అప్పటికే పెద్ద రిసార్టులున్న ప్రదేశం. రిసార్టులకు కావలసిన సరుకులు బయటి నుంచి రావడం, స్థానికుల ఉపాధికి దెబ్బ తగలడం వంటి ఫిర్యాదులు బలంగా ఉండేవి. కొత్త ఏర్పాటు ప్రకారం కుటుంబశ్రీ బృందాలు బీడు భూముల్లో కూరగాయలు పండించి, ‘సమృద్ధి’ అనే సరఫరా కేంద్రం ద్వారా హోటళ్లకు అందించసాగాయి. ధరలను, నాణ్యతను నిర్ణయించడానికి కమిటీలు ఏర్పడ్డాయి. మరోవైపు కొబ్బరి పీచు తాళ్లు పేనడం, మొగలి ఆకుల చాపలు అల్లడం, కొబ్బరి మట్టలు అల్లడం వంటి పనులను యాత్రికులకు చూపించే గ్రామజీవన సందర్శనలు మొదలయ్యాయి. పని చూపించినవారికి ఆ సందర్శన రుసుములో వాటా ఉంటుంది. అంటే పనిని ప్రదర్శించడం కూడా ఒక పనిగా పరిగణన పొందింది. 2017లో రాష్ట్రవ్యాప్త బాధ్యతాయుత పర్యాటక మిషన్ ఏర్పడటానికి ఈ అనుభవమే ఆధారం.

కుమరకాన్ని ఆదర్శంగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కూరగాయల అమ్మకం, సందర్శన రుసుము వల్ల వచ్చే ఆదాయం రుతువును బట్టి మారుతుంది. 2018 వరదలు, 2020 కరోనా లాక్‌డౌన్ పర్యాటకాన్ని నిలిపివేసినప్పుడు దానిమీద ఆధారపడినవారి రాబడి ఆగిపోయింది. కాని ఒక తేడా స్పష్టం. పర్యాటకం వచ్చేసరికి కుమరకంలో స్త్రీలకు ఒక సంస్థ ఉంది. దానికి పంచాయతీ గుర్తింపు ఉంది. బేరం చేసింది ఒంటరి స్త్రీ కాదు, సంఘం.

7. పోచంపల్లిని నాలుగు కొలమానాలతో చూస్తే

షీవెన్స్ సూచించిన నాలుగు రంగాలను పోచంపల్లి పరిస్థితికి అన్వయిస్తే ఈ కింది అంశాలు తేలుతాయి.

7.1 ఆర్థికం: చీర ధరలో ఆసుకు, చిటికి కట్టడానికి ఎంత అన్నది విడిగా లెక్కతేలనంతవరకు పర్యాటకం వల్ల అమ్మకాలు పెరిగినా స్త్రీ ఆదాయం పెరిగిందని చెప్పడానికి ఆధారం దొరకదు. ఆసుయంత్రం చీరకు రెండున్నర నుంచి మూడున్నర గంటల సమయాన్ని మిగిల్చింది. మిగిలిన సమయం స్త్రీకి విశ్రాంతి అయిందా, మరో చీర ఆసు అయిందా అన్నది యంత్రం నిర్ణయించదు, ఇల్లు నిర్ణయిస్తుంది.

7.2 మానసికం: దూరదేశాల నుంచి వచ్చినవారు తన పనిని శ్రద్ధగా చూడటం స్త్రీకి ఆత్మగౌరవాన్ని ఇస్తుంది. దీనిని తక్కువగా అంచనా వేయరాదు. ఇంటిపనిగా కొట్టిపారేసిన విద్యకు చూపరి ఉన్నాడన్న స్పృహ విలువైనది. కాని వివరించే మాట గైడుది, దుకాణదారుది అయి, చేసి చూపించే చేయి మాత్రమే ఆమెది అయితే ఆ గౌరవం సగంలో ఆగిపోతుంది. ఆమె స్వయంగా తన పనిని వివరించగలగాలి. దానికి శిక్షణ కావాలి.

7.3 సామాజికం: నేత ఇల్లు నివాసమూ, కార్ఖానా కూడా. పర్యాటకం దానిని ప్రదర్శనశాలగా కూడా మార్చుతుంది. ఈ మూడు పాత్రల్లోనూ ఇంటిని శుభ్రంగా ఉంచేది, వచ్చినవారికి మంచినీళ్లిచ్చేది స్త్రీయే. అతిథిసేవ ఆమె పనుల జాబితాలో కొత్తగా చేరుతుంది. దానికి లెక్క లేకపోతే పర్యాటకం ఆమె భారాన్ని పెంచినట్టే అవుతుంది. ఏ ఇంటికి యాత్రికులను తీసుకువెళ్లాలన్న నిర్ణయం గైడు పరిచయాల మీద ఆధారపడితే ఇళ్ల మధ్య పోటీ, అసూయ పెరిగే అవకాశముంది. వంతుల పద్ధతి దీనికి సులభమైన పరిష్కారం.

7.4 రాజకీయం: స్థానికసంస్థల్లో స్త్రీలకు ప్రాతినిధ్యం 73వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. తెలంగాణలో అది 50 శాతానికి చేరింది. అయితే సందర్శన రుసుము, సముదాయ నిర్వహణ, ప్రచారం వంటి పర్యాటక నిర్ణయాలు ఎన్నికైన సంస్థలో కాక శాఖాపరంగా జరిగితే ఆ ప్రాతినిధ్యం పర్యాటకంలో ప్రతిఫలించదు. సహకార సంఘాల్లోనూ సభ్యత్వాన్ని మగ్గం ఆధారంగా నిర్ణయిస్తే అనుబంధ పని చేసే స్త్రీకి ఓటు ఉండదు.

7.5 ఇంటి హక్కు: ఈ నాలుగింటికీ అడుగున మరొక అంశం ఉంది. గ్రామపర్యాటకానికి మూలధనం ఇల్లు. ఇంటి బస పెట్టాలన్నా, దానికి అప్పు తెచ్చుకోవాలన్నా, నమోదు చేయించాలన్నా ఇంటి పత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్ 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. కాని నేత ఇంట్లో ఆసు పోసేది సాధారణంగా ఆ ఇంటికి వచ్చిన కోడలు. కూతురిగా ఆమె హక్కు పుట్టింట ఉంటుంది, శ్రమ అత్తింట ఉంటుంది. వారసత్వచట్టం ఆమెకు అత్తింటి మీద భర్త జీవించి ఉండగా యాజమాన్యం ఇవ్వదు. అందువల్ల దంపతుల ఉమ్మడి పేర్ల మీద ఇంటి నమోదు అనేది పర్యాటక విధానంలో భాగం కావలసిన విషయం.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. పోచంపల్లి చరిత్రలో భూదానం, భౌగోళిక గుర్తింపు, ఉత్తమ పర్యాటక గ్రామ గుర్తింపు అనే మూడు ఘట్టాలూ ఊరికీ, కుటుంబానికీ పేరు తెచ్చాయి. వాటిలో స్త్రీ పేరు విడిగా నమోదు కాలేదు.

2. ఇక్కత్‌కు ప్రాణమైన ఆసు, చిటికి పనులు ‘అనుబంధం’ అన్న వర్గీకరణ కింద విలువ కోల్పోయాయి. ఈ పేరును పునఃపరిశీలించి, చీర మజూరీలో వాటి వాటాను విడిగా చూపించడం అవసరం.

3. స్త్రీలు చేసే పనిని గ్రామపర్యాటకం మొదటిసారిగా బయటివారికి చూపింది. ఆ చూపునకు రుసుము, ఆ రుసుములో ఆమె వాటా, ఆ వాటా జమయ్యే ఆమె సొంత ఖాతా ఉన్నప్పుడే అది సాధికారత వైపు నడుస్తుంది.

4. స్త్రీల సంస్థ ముందుగా ఉండి పర్యాటకం దానితో ఒప్పందం చేసుకోవడం మేలైన క్రమమని కుమరకం అనుభవం తెలుపుతుంది. పొదుపు సంఘాల విషయంలో తెలుగునాట అనుభవానికి కొరత లేదు. దానిని చేనేత, పర్యాటకశాఖలతో అనుసంధానించడమే మిగిలింది.

5. గ్రామపర్యాటకంపై జరిగే అధ్యయనాలు యాత్రికుల సంఖ్యతోపాటు ఇంటి పత్రం, సంఘం సభ్యత్వపుస్తకం, ఖాతా పుస్తకం అనే మూడు పత్రాలను పరిశీలించాలి. ఈ మూడింటిలో స్త్రీ పేరు ఎప్పటి నుంచి ఉంది, ఏ హోదాలో ఉంది అన్నదే నమ్మదగిన కొలమానం.

1951లో పోచంపల్లిలో దళిత కుటుంబాలు అడిగింది దయ కాదు, సాగు చేసుకోవడానికి తమదైన నేల. ఈనాడు ఆ ఊరి నేత ఇళ్లలోని స్త్రీల విషయంలోనూ ప్రశ్న అదే రూపంలో ఉంది. వారి పనిని మెచ్చుకునేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ పని మీద వారి హక్కును రాసిపెట్టే పత్రం ఇంకా రావలసి ఉంది.